పాత అంబాసిడర్‌ని బాగుచేయడం: కొనే రోజు నుంచి తొలి వెయ్యి కిలోమీటర్ల దాకా

పాత కారు కొన్నవాళ్లలో చాలామంది మొదట వెళ్లేది పెయింటర్ దగ్గరికే. నేనూ అదే చేశాను. 1974 మార్క్-2 అంబాసిడర్, తెల్లది. ఇంటికి తెచ్చిన నెలలోపే కొత్త రంగు వేయించాను. ఫొటోలు దిగాం, చుట్టాలందరికీ పంపాం. నాలుగు నెలలు గడిచాక డ్రైవర్ వైపు తలుపు కింది అంచున కందిగింజంత పొక్కు కనిపించింది. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. పైన మెరిసే రంగు, కింద పావు అంగుళం పుట్టీ, దాని కింద ఇనుము లేనే లేదు. వేయించిన రంగంతా గీకించి, రేకు పని మొదటి నుంచి చేయించాల్సి వచ్చింది.

అందుకే ఈ గైడ్‌లో రంగు దాదాపు ఆఖరున వస్తుంది. ముందు కాగితాలు, తర్వాత ఒళ్లు, ఆపైన ఇంజన్, బ్రేకులు, వైరింగ్. కారు గట్టిగా నిలబడాలి, నమ్మకంగా ఆగాలి. మెరుపు సంగతి ఆ తర్వాత.

ఉదాహరణకి అంబాసిడర్‌నే తీసుకోవడానికి కారణం ఉంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 ఆధారంగా 1957లో మొదలై, 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన బండి ఇది. కలెక్టర్ గారి కారు, ఎమ్మెల్యే గారి కారు, పెళ్లికొడుకుని ఊరేగించిన కారు, స్టాండులో ట్యాక్సీ అన్నీ ఇదే. సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి, దీని పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. మొదటిసారి పాత కారు జోలికి వెళ్లేవాళ్లకి ఇంతకంటే మంచి బండి నాకు తెలియదు. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ కార్ల గురించి. పద్ధతి మాత్రం పద్మినికైనా, స్టాండర్డ్ హెరాల్డ్‌కైనా ఇదే.

కాగితాలు చూడకుండా బయానా ఇవ్వకండి

ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్‌ని కారు మీద ఉన్న నంబర్లతో మీ కళ్లతో మీరే పోల్చుకోండి. గ్రీజు పట్టి ఉంటే కిరోసిన్ గుడ్డతో తుడిచి చూడండి. పాత అంబాసిడర్లలో ఇంజన్లు మారడం మామూలే. పెట్రోల్ తీసేసి డీజిల్ పెట్టినవి చాలా తిరిగాయి. మారిన ఇంజన్ ఆర్‌సీలో ఎక్కకపోతే ఆ బరువు రేపు మీ నెత్తినే పడుతుంది. ఆర్‌సీ బతికి ఉందా, పన్ను కట్టారా, ఓనర్ పోయి ఉంటే వారసుల సంతకాలు ఉన్నాయా అన్నవి కూడా ఆ రోజే చూసుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి వేరే రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కార్లు, టూ వీలర్లు ఇందులోకి వస్తాయి. నంబర్ ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అన్న అక్షరాలు ఉంటాయి. కొత్తగా చేయించుకుంటే ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. రెన్యువల్‌కి 5 వేలు. ఒక షరతు ఉంది. ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఇంకొకటి, ఆ ప్లేటు ఉన్న కారుని రోజువారీ పనులకి తిప్పకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలు కొట్టించుకోవడానికి, రిపేరుకి మాత్రమే రోడ్డెక్కాలి.

కాబట్టి కొనేముందే తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది: ఈ కారు ప్రదర్శనకా, వారానికోసారి అమ్మానాన్నల్ని ఎక్కించుకుని గుడికి వెళ్లడానికా? మొదటిదైతే నట్టు కూడా పాతదే వెతకండి. రెండోదైతే మామూలు రిజిస్ట్రేషన్‌ని రెన్యువల్ చేయించుకుంటూ, భద్రత కోసం కొన్ని మార్పులు చేసుకోవచ్చు. రెంటికీ మధ్యలో ఊగిసలాడితే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది.

తుప్పు ఎక్కడ దాక్కుంటుంది

అంబాసిడర్‌కి లారీలా విడి ఛాసిస్ ఫ్రేము ఉండదు. బాడీయే ఛాసిస్. తుప్పు పట్టిందంటే అందం ఒక్కటే పోదు, కారు నడుము కూడా మెత్తబడుతుంది. ఇంజన్ పాడైతే బాగుచేసుకోవచ్చు. తుప్పు తినేసిన బాడీకి ఎంత పోసినా తక్కువే.

చూడటానికి వెళ్లేటప్పుడు జేబులో ఓ చిన్న అయస్కాంతం, పలచటి గుడ్డ, టార్చిలైటు, స్క్రూడ్రైవర్ పెట్టుకోండి. అయస్కాంతానికి గుడ్డ చుట్టి తలుపుల కింది అంచుల మీద, మడ్‌గార్డుల మీద, హెడ్‌లైట్ల చుట్టూ ఆనించి జరుపుతూ పోండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. తర్వాత కార్పెట్లు లేపి ఫ్లోర్ చూడండి. అద్దం చుట్టూ రబ్బరు ఎండిపోతే వాననీళ్లు లోపలికి కారి కాళ్ల దగ్గర నిలుస్తాయి. పైన కార్పెట్ పొడిగానే ఉంటుంది, కింద రేకు అప్పడంలా అయిపోయి ఉంటుంది. డిక్కీ అడుగు, స్టెప్నీ ఉండే చోటు, జాకీ పెట్టే పాయింట్లు, తలుపుల కింద పొడుగ్గా పోయే సిల్, వెనక కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) బాడీకి బిగిసే చోటు కూడా చూడాలి. కమాన్ బిగిసే చోటే తుప్పు తినేసి ఉంటే, వెల్డింగ్ పని బాగా తెలిసిన మనిషి పక్కన ఉంటేనే ఆ కారు తీసుకోండి.

తర్వాత నాలుగు తలుపులూ ఒక్కొక్కటిగా తెరిచి మూయండి. తలుపుకీ బాడీకీ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉంటే నడుము బాగున్నట్టు. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే బండి కుంగిందని అర్థం.

విప్పేటప్పుడు ఓపిక

విప్పడం గంటల పని, బిగించడం నెలల పని. ఈ మధ్యలో ఏ బోల్టు ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. ప్రతి భాగాన్ని విప్పకముందు ఒకటి, విప్పుతూ ఒకటి ఫొటో తీయండి. బోల్టుల్ని చిన్న జిప్ కవర్లలో వేసి, పేరు రాసి, ఆ భాగానికే కట్టేయండి. 'ఎడమ ముందు తలుపు, పై కీలు' అని పూర్తిగా రాయండి. 'తలుపు' అని మాత్రం రాస్తే ఆర్నెల్ల తర్వాత ఆ కవరు ఎందుకూ పనికిరాదు.

పాత బీడింగ్, పాత రబ్బరు, విరిగిన క్లిప్పు, చిరిగిన రెగ్జిన్ ఏదీ పారేయకండి. కొత్తది కుట్టించాలన్నా, పోత పోయించాలన్నా నమూనా కావాలి. కొత్తది వచ్చి సరిగ్గా కూర్చున్నాక కూడా నేను పాతవి అట్టపెట్టెలో దాచి ఉంచాను. నాకవి చాలాసార్లు అక్కరకొచ్చాయి.

సామాన్ల కోసం విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్, చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్ తిరగాలి. ఫోనులో అడిగితే చాలాసార్లు 'లేదు' అంటారు. చేతిలో పాత ముక్క పట్టుకుని మనిషి వెళ్లి నిలబడితే అదే షాపులో ఆ సామాను అటక మీంచి దిగుతుంది.

రేకు పని

సిల్ కోసే ముందు బాడీకి ఆధారం ఇవ్వాలి. కారు నాలుగు స్టాండ్ల మీద సమంగా కూర్చోవాలి. తలుపు తీసేసిన ఖాళీలో అడ్డంగా ఓ ఇనుప పైపుని తాత్కాలికంగా టాక్ వెల్డింగ్ (అక్కడక్కడ చుక్కలుగా వేసే వెల్డింగ్) పెట్టించండి. ఒక వైపు పూర్తిగా అయ్యాకే రెండో వైపు కోయాలి. రెండు వైపులా ఒకేసారి కోస్తే బాడీ మధ్యలో కుంగుతుంది, ఆ తర్వాత తలుపులు ఎప్పటికీ సరిగ్గా పడవు. కొత్త సిల్‌ని పూర్తిగా వెల్డ్ చేసేముందు తలుపు తగిలించి మూసి చూడండి. టాక్ వేయడం, తలుపు చూడటం, మళ్లీ టాక్ వేయడం. టింకర్ విసుక్కున్నా ఇక్కడ వెనక్కి తగ్గకండి.

తుప్పు పట్టిన రేకు మీద కొత్త రేకు అంటించి వెల్డ్ చేయడం మన దగ్గర అలవాటు. దీన్ని ఒప్పుకోకండి. కింది తుప్పు పై రేకుని కూడా రెండేళ్లలో తినేస్తుంది. మంచి ఇనుము తగిలేదాకా కోసి, అదే మందం రేకుని అంచుకి అంచు కలిపి వెల్డ్ చేయించాలి. పని అయ్యాక లోపలివైపు ఎపాక్సీ ప్రైమర్, సిల్ లోపల మైనం లాంటి యాంటీ రస్ట్ స్ప్రే కొట్టించండి. తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న కన్నాలు ఉంటాయి. పుట్టీతో వాటిని మూసేస్తుంటారు. సన్నటి తీగతో పొడిచి తెరవండి. నా కారు తలుపు కుళ్లిపోవడానికి అసలు కారణం ఆ మూసుకుపోయిన కన్నాలే.

పుట్టీ అసలే వద్దని నేననను. రెండు మిల్లీమీటర్ల లోపు, రేకు నునుపు చేయడానికి వాడితే తప్పు లేదు. గుంట పూడ్చడానికి మాత్రం వాడకూడదు.

ఇంజన్: విప్పకముందు వినండి

బి-సిరీస్ అని పేరున్న ఈ 1489 సీసీ ఇంజన్ సుమారు 50 హార్స్‌పవర్ ఇస్తుంది. పరుగులో గొప్పది కాదు, కానీ మొండిది. చాలామంది కారు రాగానే ఇంజన్ దింపి విప్పేస్తారు. అవసరం ఉందో లేదో ముందు తేల్చుకోండి.

ఏళ్ల తరబడి కదలని కారుకి తాళం తిప్పి సెల్ఫ్ కొట్టకండి. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల పలచటి నూనె పోసి, రెండు రోజులు వదిలేయండి. తర్వాత ముందు నుంచి స్టార్టింగ్ హ్యాండిల్ పెట్టి చేత్తో నెమ్మదిగా తిప్పండి. తిరగకపోతే బలవంతం చేయకుండా ఇంకో రెండు రోజులు ఆగండి. తిరిగితే ఆయిల్, ఫిల్టర్ మార్చి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ తిప్పి ఆయిల్ ప్రెషర్ వచ్చాకే స్టార్ట్ చేయండి.

ఇంజన్ వేడెక్కాక కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో) గేజ్‌తో చూడాలి. ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని ఒక్కో సిలిండర్‌కి అయిదారు తిప్పులు. అంకె ఎంత వచ్చిందన్న దానికంటే నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. ఒకటి బాగా తగ్గితే దాంట్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. తాత్కాలికంగా ఓ గేజ్ బిగించి ఆయిల్ ప్రెషర్ కూడా చూడండి. వేడి ఇంజన్‌కి రోడ్డు మీద 50 పీఎస్ఐ దరిదాపుల్లో, ఐడ్లింగ్‌లో 15 దగ్గర ఉంటే బేరింగులు బాగున్నట్టే.

సిలిండర్లని బోర్ చేయించాల్సి (అరిగిన లోపలి గోడల్ని తొలిచి పెద్దవి చేయించాల్సి) వస్తే లేత్ షాపుకి బ్లాక్ ఒక్కటే పంపకండి. ముందు పిస్టన్లు కొనండి. 20 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై) ఓవర్‌సైజ్ అని పెట్టె మీద రాసి ఉన్నా, ఆ పిస్టన్లని కూడా బ్లాకుతో పాటు ఇచ్చి వాటి కొలతకే బోర్ చేయమనాలి. హెడ్ విప్పితే ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు గట్టి లోహంతో వేయించండి. ఈ ఇంజన్లు సీసం కలిసిన పెట్రోలు రోజుల్లో తయారయ్యాయి. ఆ సీసమే వాల్వు సీట్లని అరక్కుండా కాపాడేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే కదా.

క్రాంక్ వెనక నుంచి నాలుగు చుక్కలు ఆయిల్ కారుతుంటే కంగారు పడకండి. ఈ ఇంజన్‌లో అక్కడ ఇప్పటి కార్లలాంటి రబ్బరు సీల్ లేదు, ఆయిల్‌ని వెనక్కి తిప్పే మర గాడి ఉంటుంది. ఎక్కువగా కారుతుంటే మాత్రం ముందు బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) మూసుకుపోయిందేమో చూడండి.

ఇక వాల్వుల సెట్టింగ్. ఇది మీరే చేసుకోండి, నేర్చుకోవడానికి ఒక్క ఆదివారం చాలు. ఒక మేస్త్రి గారు నాకు చెప్పింది 'తొమ్మిది లెక్క'. రేడియేటర్ వైపు నుంచి వాల్వులకి ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసుకోండి. ఇంజన్ చల్లగా ఉండగా, ప్లగ్గులు తీసి, హ్యాండిల్‌తో తిప్పుతూ ఉండండి. ఎనిమిదో వాల్వు పూర్తిగా కిందికి దిగినప్పుడు ఒకటోది సెట్ చేయాలి. ఆరోది దిగినప్పుడు మూడోది. అయిదోది దిగినప్పుడు నాలుగోది. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. రాకర్‌కీ వాల్వు కొసకీ మధ్య సందు 0.015 అంగుళం. సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు ఇరుక్కోకూడదు, ఊరికే జారిపోనూ కూడదు. పుస్తకం మధ్యలో దాచిన కొత్త నోటుని లాగుతున్నంత పట్టు వేలికి తెలియాలి. లాక్ నట్ బిగించేటప్పుడు ఆ సందు కొంచెం మారుతుంది కాబట్టి బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడండి. ఎనిమిదీ అయ్యాక ఇంజన్ స్టార్ట్ చేస్తే, ఇన్నాళ్లూ టకటకమన్న శబ్దం సన్నటి చప్పుడుగా మారుతుంది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం కొత్త రంగు చూసినప్పుడు కూడా కలగలేదు.

డిస్ట్రిబ్యూటర్ లోపల ఉండే పాయింట్ల గ్యాప్ కూడా 0.015 అంగుళం దగ్గరే, ప్లగ్గులకి 0.025. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2.

వేడెక్కుతోందని మన మేస్త్రీలు చాలామంది థర్మోస్టాట్ తీసి పారేస్తారు. చాలాసార్లు కారు వేడెక్కేది దానివల్ల కాదు, రేడియేటర్ గొట్టాల్లో, బ్లాక్ లోపల పేరుకున్న తుప్పు బురద వల్ల. రేడియేటర్‌ని విప్పి రాడ్డింగ్ (గొట్టాల్లో సన్నటి కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించండి, బ్లాకుని నీళ్లతో వెనక్కి కొట్టించి కడగండి, వాటర్ పంపు చూడండి, ఫ్యాన్ బెల్టు బిగువు చూడండి. తర్వాత థర్మోస్టాట్ తిరిగి పెట్టి, బోరు నీళ్లు కాకుండా కూలెంట్ పోయండి. ఇలా చేశాకే మే నెల ఎండలో బెజవాడ ట్రాఫిక్‌ని నా కారు తట్టుకుంది.

పెట్రోలు వ్యవస్థ

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు గొట్టాలు, పంపులోని డయాఫ్రమ్, కార్బురేటర్ సీళ్లు దీనికి మెత్తబడతాయి, పగులుతాయి. పెట్రోలు కారేది వేడి ఎగ్జాస్ట్ పక్కనే కాబట్టి ఇది నిప్పుతో చెలగాటం. గొట్టాలన్నీ ఇథనాల్‌ని తట్టుకునే రకానికి మార్చండి, పంపుకి కొత్త కిట్ వేయించండి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలవుంటే ట్యాంకు తుప్పు పడుతుంది. ట్యాంకు దింపి కడిగించి, మధ్యలో చవకైన ప్లాస్టిక్ ఫిల్టర్ ఒకటి పెట్టండి. బండిలో ఓ చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తప్పనిసరి.

బ్రేకుల దగ్గర పొదుపు వద్దు

నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. పాత కార్లలో బ్రేకు ఆయిల్‌కి ఒకటే దారి. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. కాబట్టి రిపేరు కిట్లతో సరిపెట్టకుండా మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు, తుప్పు పట్టిన పైపులు అన్నీ కొత్తవి వేయండి. డ్రమ్ములు గీతలు పడితే లేత్ మీద పలచగా టర్నింగ్ చేయించి, షూలకి కొత్త లైనర్ కొట్టించండి. పాత లైనర్ పొడిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, గాలి పైపుతో ఊదకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి.

బ్రేకు పైపుల్లో చిక్కిన గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి. మన కుడి స్టీరింగ్ కారులో వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. పెడల్ నొక్కి పట్టుకునేందుకు ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టుకోండి.

కింది భాగం

ముందు చక్రాలకి కాయిల్ స్ప్రింగులు ఉండవు. పొడుగాటి టోర్షన్ కడ్డీలు మెలిపడి బరువు మోస్తాయి. వాటిలో ఉన్న బలం చెయ్యి విరగ్గొట్టేంతది. దీని పని తెలిసిన మేస్త్రి లేకుండా ఆ బోల్టులు ముట్టుకోకండి. విప్పాక ఎడమది ఎడమకే, కుడిది కుడికే వెళ్లేలా గుర్తు పెట్టండి. ఏళ్లుగా ఒకే వైపు మెలిపడి అలవాటైన కడ్డీ తారుమారైతే విరుగుతుంది.

వెనక కమాన్ పట్టీలు వాలిపోతే కొత్తవి వెతికేముందు కొలిమి దగ్గరికి తీసుకెళ్లండి. లారీల కమాన్ కట్టలు చేసేవాళ్లే వాటిని మళ్లీ వంపు తెప్పిస్తారు. బుష్‌లు, షాకిల్ పిన్నులు మాత్రం కొత్తవి వేయండి. గ్రీజు నిపుల్స్ అన్నీ వెతికి, మూసుకుపోయినవి మార్చి, గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి. స్టీరింగ్ కాలమ్ మీది గేర్ పట్టక ఇబ్బంది పెడుతుంటే గేర్‌బాక్స్ అనుకోకండి. తొంభై పాళ్లు దాని లింకుల్లో బుష్‌లు అరిగి ఉంటాయి.

వైరింగ్

బ్యాటరీ తగిలించేముందు ఎర్త్ (బ్యాటరీ నుంచి బాడీకి కలిపే కొస) పాజిటివా, నెగెటివా చూడండి. తొలి రోజుల కార్లలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ ఉండేది. ఈ కాలపు అలవాటుతో తగిలిస్తే సామాన్లు కాలిపోతాయి. గుడ్డ చుట్టిన పాత తీగలు పెళుసెక్కి ఉంటే అతుకులు వేయకుండా మొత్తం వైరింగ్ కొత్తగా అల్లించండి. లూకాస్ పద్ధతి రంగులే వాడమనండి. గోధుమ రంగు బ్యాటరీ నుంచి, తెలుపు ఇగ్నిషన్‌ది, ఆకుపచ్చ ఫ్యూజు దాటినది, నలుపు ఎర్త్. రేపు ఏ మేస్త్రి చూసినా అర్థమవుతుంది. అన్నీ ఎర్ర తీగలే వేసి ఇచ్చిన కారు ఒకటి చూశాను. చిన్న ఇండికేటర్ లోపం వెతకడానికి రెండు రోజులు పట్టింది.

మార్పులు: తిరిగి తీయగలిగేవే

అంబాసిడర్‌లో ఏం మార్చాలన్నా నేను ఒక్కటే అడుగుతాను. రేపు ఇంకొకరు దీన్ని పాత రూపానికి తేవాలనుకుంటే పానాతో పోతుందా, గ్యాస్ కట్టర్ కావాలా? పానాతో పోయేదైతే చేయండి.

డైనమో బదులు ఆల్టర్నేటర్, పాయింట్ల బదులు డిస్ట్రిబ్యూటర్ మూత కిందే ఇమిడే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మంచివి. బయటికి కనపడవు, పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కి స్టార్ట్ అవుతుంది. మామూలుగా దొరికేవి రెండూ నెగెటివ్ ఎర్త్ ఉన్న కారుకే సరిపోతాయి. పాజిటివ్ ఎర్త్ కారైతే ముందు దాన్ని మార్పించాలి. హెడ్‌లైట్లకి రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చులు) పెట్టండి. 60 వాట్ల బల్బులు రెండు వెలిగితే పది ఆంపియర్లు పాత స్విచ్చు గుండా పోతాయి. రిలే పెడితే స్విచ్చు చల్లగా ఉంటుంది, వెలుగు కూడా పెరుగుతుంది. 5.90-15 టైర్ల స్థానంలో బయటి కొలత దగ్గరగా వచ్చే 15 అంగుళాల రేడియల్స్ వేస్తే స్టీరింగ్ తిన్నగా నిలుస్తుంది. అసలు రిమ్ములు, స్టీలు వీల్ కప్పులు ఉంచండి. వెడల్పాటి అల్లాయ్‌లు ఈ బండి గుండ్రటి ఒంటికి నప్పవు.

సీటు బెల్టులు తప్పకుండా పెట్టించండి. ఉత్త ఫ్లోర్ రేకుకి బోల్టు వేస్తే గుద్దుకున్నప్పుడు ఊడి వస్తుంది. కింద మందపాటి ప్లేటు వెల్డ్ చేసి దానికి బిగించాలి. నా నియమాన్ని నేను దాటింది ఈ ఒక్క చోటే.

ఏసీ పెట్టాలన్న కోరిక మన ఎండలకి సహజం. 50 హార్స్‌పవర్ ఇంజన్‌కి అది పెద్ద బరువు. రేడియేటర్, ఫ్యాన్ బలపడ్డాకే ఆలోచించండి. ఇంజన్ మార్చడం, కాలమ్ గేరు తీసి కింద గేరు పెట్టడానికి ఫ్లోర్ కోయడం, పైకప్పు తెగ్గోయడం లాంటివి వద్దు. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 దీని గురించే ఉంది. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. రంగు మార్చినా ఆర్టీఓ ఆఫీసులో చెప్పి ఆర్‌సీలో ఎక్కించుకోండి.

ఇప్పుడు రంగు

కోస్తాలో ఉంటే వానాకాలంలో రంగు వేయించకండి. గాలిలో తేమకి రంగు పాలిపోతుంది, లోపల తడి చిక్కి తర్వాత పొక్కులు లేస్తాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య మంచి సమయం. అద్దాలు, రబ్బర్లు, లైట్లు, హ్యాండిళ్లు అన్నీ తీసి వేయించాలి. కాగితం అంటించి వేస్తే అంచుల్లో గీత పడి అక్కడి నుంచే లేస్తుంది. బూడిద రంగు, పాత క్రీమ్, ముదురు ఆకుపచ్చ ఈ బండికి అందంగా ఉంటాయి. మెటాలిక్ రంగుల్లో దీని వంపులు నాకెప్పుడూ నచ్చలేదు.

బంపర్లకి క్రోమ్ ప్లేటింగ్ ఇచ్చేటప్పుడు రాగి, నికెల్, క్రోమ్ మూడు పూతలూ వేస్తారా అని అడగండి. రాగి ఎగ్గొడితే మెరుపు ఓ వానాకాలం దాకే.

సీట్లు విప్పితే లోపల స్ప్రింగులు, వాటి మీద కొబ్బరి పీచు కనిపిస్తాయి. మొత్తం తీసేసి ఫోమ్ నింపుతామంటారు. స్ప్రింగులు బాగుంటే ఉంచి, పీచు కొత్తది వేయించి, పైన పలచటి ఫోమ్‌తో రెగ్జిన్ కుట్టించండి. ఎక్కగానే కొంచెం కిందికి దిగి పైకి లేపే ఆ పాత ఊపు అలాగే మిగులుతుంది.

తొలి వెయ్యి కిలోమీటర్లు

మొదటి రోజు వీధి చివరిదాకా వెళ్లి రండి. దిగి బ్రేకు పైపులు, పెట్రోలు గొట్టాలు, చక్రాల నట్లు చూడండి. ప్రతి చక్రం డ్రమ్ము మీద చెయ్యి పెట్టండి. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే ఆ షూ పట్టేసిందన్నమాట. మర్నాడు పది కిలోమీటర్లు, ఆ వారం యాభై. ఇంజన్ బోర్ చేయించి ఉంటే గంటకి 60 దాటకండి, ఒకే వేగంలో ఎక్కువసేపు పోకండి. 500 కిలోమీటర్లకి ఆయిల్ మార్చండి, 20డబ్ల్యు-50 రకం ఈ ఇంజన్‌కి సరిపోతుంది. అప్పుడే, ఇంజన్ పూర్తిగా చల్లారాక, హెడ్ నట్లు మాన్యువల్‌లో చెప్పిన వరుసలో, చెప్పిన టార్క్‌కి మళ్లీ బిగించాలి. హెడ్ బిగిస్తే వాల్వుల సందు మారుతుంది కాబట్టి తొమ్మిది లెక్క మరోసారి చేయాలి. వెయ్యి పూర్తయ్యాక కమాన్ యూ-బోల్టులు బిగించి, అన్ని నిపుల్స్‌కి గ్రీజు కొట్టి, ఎంత కిలోమీటరుకి ఏం చేశారో ఓ నోటు పుస్తకంలో తేదీతో రాసి డ్యాష్‌బోర్డులో పెట్టండి.